ఒక బోరు, రెండు మోటార్లు

ఎర్రిస్వామి సార్ అడిగింది ఒక్క పేజీ.
"మెయిల్ సర్వరు ఒకటి చాలునా, రెండు జత కట్టల్నా?
సోమారం కమిటీలో చెప్పల్ల" అన్యాడు.
ఇది ఆదివారం మధ్యాహ్నం. అనంతపురం.
విత్తనాల సంఘం ఆఫీసు, మిద్దె మీది గది.
ఏసీ ఒక్కటే గొణుగుతాంది.
కాగితం నడుమ నిలువుగా గీత గీసినా.
ఎడమ పక్క మంచి. కుడి పక్క చెడు.

ముందు మంచి.
పోయిన జూలైలో ఉన్న ఒక్క సర్వరూ పండుకునింది.
బీమా గడువు ఇంగ రెండు దినాలే.
కళ్యాణదుర్గం, శెట్టూరు, బెళుగుప్ప
ఎండిన శెనక్కాయ చేల లెక్కలన్నీ
పంపినోళ్లకు పంపినట్టే ఉండాది,
మాకు చేరింది లేదు.
పొద్దున ఉగ్గాని, రాత్రి మళ్లా ఆ చల్లారిన ఉగ్గానే.
జత ఉండింటే
ఒకటి కూలబడిన నలభై సెకండ్లకు
రెండోది భుజం పట్టేది.
బెంగళూరు కంపెనీ పిల్లోడు చేసి చూపించినాడు కూడా.
నడుస్తాన్న మిషన్ కరెంటు పుటుక్కున పీకేసినాడు.
నా గుండె గుభేలుమనింది.
కింద అకౌంట్సులో కుళ్లాయమ్మ
టైపు చేస్తాన్న వేలు ఎత్తనే లేదు.

ఇంగోటి: రిపేరుకు అర్ధరాత్రి దాకా కాచుకోనక్కర్లేదు.
పట్టపగలే ఒకదాన్ని విప్పుకోవచ్చు, ఇంగోటి మోస్తాంటాది.
ఈ వాక్యం కొంచెం ఒత్తి రాసినా.
పోయేది నా నిద్ర గదా.

కుడి పక్క.
మిషన్లు రెండు, ఉత్తరాలుండే డిస్కుల పెట్టె ఒక్కటే.
మా చిన్నాయన చేన్లో ఇట్లే చేసె.
మోటారు మాటిమాటికీ కాలిపోతాందని
ఇంగో మోటారు తెచ్చి పక్కన పెట్టె.
బోరు మాత్రం ఒక్కటే, ఎనిమిది నూర్ల అడుగులు.
ఆ యేడు నీళ్లు అడుగంటినాక
రెండు మోటార్లూ భేషుగ్గా తిరిగినాయి.
గాలి తోడినాయి.

రెండు మిషన్ల నడుమ ఒక సన్న వైరు.
"ఉండా", "ఉండా" అని
సెకండుకొకసారి ఒకదానికొకటి చెప్పుకునే వైరు.
దాన్ని ఎలుక కొరికితే?
కొరికింది. పరీక్షకు తెచ్చిన జతలోనే, నాలుగో రాత్రి.
అది సచ్చిపోయిందనుకునె ఇది.
ఇది సచ్చిపోయిందనుకునె అది.
ఇంటికి నేనే పెద్దని రెండూ లేచినాయి,
ఒకే పుస్తకంలో రెండు చేతులు రాసినాయి.
తెల్లారేసరికి
ధర్మవరం డిపో ఉత్తరం సగం, గుత్తి డిపో ఉత్తరం సగం అతుక్కుని
ఎవురూ రాయని మూడో ఉత్తరం.
పరీక్ష కాబట్టి నవ్వినాం.
పిల్లోడు మాత్రం నవ్వలేదు.

ఖర్చు రెండింతలు కాదు సార్, మూడింతలు.
దాన్ని కనిపెట్టుకోనుండే మనిషి జీతం ఇందులో కలపలేదు.

రిజిస్టరు తీసి చూసినా.
ఐదేండ్లలో మా సర్వరు పడింది రెండు మార్లు.
ఒకసారి డిస్కు.
ఒకసారి, నిద్రమత్తులో నేను కొట్టిన తప్పు కమాండు.
జత ఉండింటే ఆ తప్పు
మర్యాదగా రెండోదానికీ అంటుకునేది.
ఇది ఏ పక్క రాయల్ల?
గీత మీదనే రాసినా.

జూలై గొడవలో మూడో రాత్రి నాకు జ్వరం.
ఇంటి నుంచి ఫోన్లో వన్నూరుసాబుకు చెప్తాండా:
"కింద బటన్ వత్తప్పా, పచ్చది."
రవంత సేపు ఊరుకుండె.
"మేడం, పచ్చవి రెండుండాయి."

పేజీ కింద ఇట్లా ముగించినా:
జత ఇప్పుడొద్దు.
రోజూ ఒక నకలు తాడిపత్రి గోడౌనుకు పోవల్ల,
నెలకొకసారి దాన్ని తిరిగి తెరిచి చూడల్ల.
వన్నూరుసాబుకు రోజూ ఒక గంట, నా దగ్గర, పుస్తకంతో.
సంఘం పెద్దదైతే మళ్లీ అడగండి,
అప్పుడు వేరే మాట చెప్తానేమో.

సంతకం పెట్టి, లైటు ఆర్పబోయి
వెనక్కి వచ్చినా.
నొసటి బొట్టుబిళ్ల తీసి
ఒక పచ్చ బటన్ పక్కన అంటించినా.